వేలంలో సొంత పాట వద్దు

ఫోన్‌లో నడిచే మన వేలం గ్రూపు సభ్యులందరికీ నమస్కారం. నిన్న రాత్రి కడియం అడీనియం మొక్క పాట 800 రూపాయల దగ్గర ఆగింది. అప్పుడే అమ్మకందారు బావమరిది నంబరు నుంచి వెయ్యి, పన్నెండు వందలు అంటూ పాటలు వచ్చాయి. చివరికి రావులపాలెం సభ్యురాలు 1,400కు పాడుకున్నారు. ఆమెతో పోటీపడ్డ మనిషికి అసలు మొక్కే అక్కర్లేదు! నాకు చాలా బాధ కలిగింది.

రేవులో చేపల పాట అయితే పాడే మనిషి ఎదురుగా కనిపిస్తాడు. ఇక్కడ మనకు కనిపించేది నంబరే కాబట్టి నమ్మకం తప్ప వేరే ఆధారం లేదు.

‘నా సరుకు, నా ఇష్టం’ అని ఒకరు రాశారు. కాదండీ. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 64వ సెక్షన్ ప్రకారం, పాడే హక్కు తనకు ఉంచుకున్నట్టు ముందే ప్రకటించకుండా అమ్మకందారు పాడకూడదు, మరొకరితో పాడించకూడదు. ధర పెంచడానికి దొంగపాట పాడిస్తే కొన్నవారు ఆ కొనుగోలును రద్దు చేసుకోవచ్చు.

నష్టానికి అమ్మమని ఎవరూ అనరు. కనీస ధర ముందే రాయండి, చాలు. ఆ సభ్యురాలు కోరితే డబ్బు తిరిగి ఇవ్వాలి. అమ్మకందారుతో నేనే మాట్లాడుతున్నాను. ఆదివారం వేలానికి కనీస ధరలు శనివారం సాయంత్రంలోగా పంపండి.