కాలిన కాంక్రీటుకు పూత చాలదు

సంపాదకులకు నమస్కారం.

ఇటీవల ఉత్తర చెన్నైలో అగ్నిప్రమాదానికి గురైన ఒక గోదామును చూడటానికి వెళ్ళాను. అప్పటికే మేస్త్రి మసి కడిగించి, పెచ్చులూడిన చోటల్లా సిమెంటు పూత పూయిస్తున్నాడు. "ఇది ఫైబరు కాంక్రీటండీ, నిప్పుకు ఏమీ కాదని చెప్పారు" అని, నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఆ యజమాని నమ్మకంగా అన్నారు. పూత పడని దూలాన్ని సుత్తితో తట్టాను. ఖంగుమనవలసింది డొల్లగా పలికింది. పెచ్చు లేపితే లోపల లేత గులాబీ రంగు కనిపించింది. ఆ రంగు తేలిందంటే అక్కడ వేడి సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటిందన్నమాట.

కాంక్రీటులో కలపడానికి ఫైబరు అన్న ఒక్క మాట కింద వేర్వేరు గుణాలున్న సన్నని పోగులు అమ్ముడవుతున్నాయి. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగులు 160-170 డిగ్రీల దగ్గరే కరిగిపోతాయి. అవి ఖాళీ చేసిన సన్నని దారుల గుండా లోపలి తేమ ఆవిరై పోతుంది గనుక, ఒత్తిడికి కాంక్రీటు పేలినట్టు పెచ్చులూడటం తగ్గుతుంది. 1996 నవంబరులో ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య సముద్రగర్భ సొరంగంలో మంటలు రేగినప్పుడు గట్టి కాంక్రీటు లైనింగే అలా పెచ్చులుగా రాలిపోయింది. అయితే ఈ పోగులు పెచ్చులను ఆపడానికే గాని బలాన్ని నిలపడానికి కావు. ఉక్కు పోగులు పగుళ్ళను పట్టి ఉంచి, కాలిన కాంక్రీటు ఒక్కసారిగా విరగకుండా కొంత ఆదుకుంటాయి. వేడి బాగా పెరిగితే అవీ బలహీనపడతాయి.

ఏ పోగు కలిపినా సిమెంటు గుణం మారదు. 400-500 డిగ్రీల మధ్య అందులోని సున్నం విడిపోతుంది, 573 దగ్గర ఇసుకలోని క్వార్ట్జ్ ఉబ్బుతుంది, 600 చేరేసరికి మామూలు కాంక్రీటుకు ఇంచుమించు సగం బలమే మిగులుతుంది. చల్లారాక కూడా నష్టం ఆగదు: విడిపోయిన సున్నం గాలిలోని తేమ పీల్చుకుని ఉబ్బి, కొత్త పగుళ్ళు తెస్తుంది. చెన్నై గాలిలో తేమ ఎంతో వేరే చెప్పనక్కరలేదు. మంటల్లో నిలిచింది గనుక ఇక పడదనుకోవడం అందుకే ప్రమాదకరం.

కాలిన కట్టడంలో కోర్లు (కాంక్రీటులోంచి తొలిచి తీసే స్తంభాకారపు నమూనాలు) తీయించి పరీక్షించి, ఇంజనీరు ధ్రువపత్రం ఇచ్చేదాకా ఎవరినీ అడుగు పెట్టనివ్వకుండా నగరపాలక సంస్థ నిబంధన తేవాలి. ఫైబరు సంచి మీద అది ఏ పోగో, మంటల్లో ఏం చేస్తుందో, ఏం చేయదో ముద్రించాలి. ఐఐటీ మద్రాసు, తరమణిలోని స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ రీసెర్చ్ సెంటరు ఉన్న ఊరిలో ఈ పరిజ్ఞానానికి కొరత లేదు.

ఆ గోదాములో పూత పని ఆపించాను. కోర్ల ఫలితాలు వచ్చేదాకా పై అంతస్తుకు ఒక్క బస్తా కూడా ఎక్కించవద్దని యజమానికి రాసి ఇచ్చాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సివిల్ ఇంజనీరు,
పెరంబూరు, చెన్నై