ఆ రాజీనామా నేను రాసింది కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్లు తయారుచేసే ముఠా దొరికిందని మన పేపర్లలో అప్పుడప్పుడూ వార్త వస్తుంటుంది. రబ్బరు స్టాంపులు, లెటర్‌హెడ్లు బల్లమీద పరిచి ఫొటో కూడా వేస్తారు. అది చూసి ‘ఈ ఐటీ వాళ్లకు నీతీ నియమం లేదు’ అనుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. మార్చిలో నా ఉద్యోగం పోయింది. ఆ మాట ఇప్పుడు అంత తేలిగ్గా నోట్లోంచి రావడం లేదు.

పద్నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. గచ్చిబౌలి వైపు ఓ కంపెనీ. ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక మీటింగ్ రూముకి పిలిచారు. హెచ్‌ఆర్ అమ్మాయి ల్యాప్‌టాప్ నావైపు తిప్పింది. నా పేరుతో రాజీనామా మెయిల్ అప్పటికే టైప్ చేసి ఉంది, ‘వ్యక్తిగత కారణాల వల్ల’ అని. నేను సెండ్ నొక్కడమే తరువాయి. నొక్కితే రెండు నెలల జీతం, మచ్చలేని రిలీవింగ్ లెటర్, అంటే ఉద్యోగం నుంచి వదిలిపెట్టామని కంపెనీ ఇచ్చే కాగితం. నొక్కకపోతే ‘పనితీరు బాగాలేక తీసేశాం’ అని రికార్డులో రాస్తారట. ‘అప్పుడు ఎక్కడా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ దాటలేరు సార్’ అంది, కొత్త కంపెనీ మన పాత ఉద్యోగం గురించి చేసే వాకబు సంగతి. అంటున్నంతసేపూ తల ఎత్తలేదు పాపం, ఆమె ఉద్యోగం ఆమెది. నాకు ఇంటి లోను ఉంది. నొక్కేశాను.

మా తెలంగాణలో అమల్లో ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టంలో 47వ సెక్షన్ ఒకటుంది. ఆరు నెలలకు తక్కువ కాకుండా పనిచేసినవాణ్ణి సరైన కారణం లేకుండా తీసేయాలంటే నెల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, లేదా నెల జీతం ఇవ్వాలి. తీసేయడం అన్యాయమనిపిస్తే అప్పీలుకు వెళ్లొచ్చు. డబ్బు సంగతి అలా ఉంచండి. కిటుకంతా ఆ అప్పీలు దగ్గరుంది. తనంతట తాను మానేసినవాడు ఏమని అప్పీలు చేసుకుంటాడు?

నౌక్రీ అనే ఉద్యోగాల వెబ్‌సైట్ ప్రొఫైల్‌లో ‘ప్రస్తుతం ఖాళీ’ అని మార్చిన వారానికి ఫోన్లు ఆగిపోయాయి. తెలిసినవాళ్లు చెబితే అమీర్‌పేట మైత్రీవనం వెనక సందులో, ఒక జిరాక్స్ షాపు పైన ఉన్న కన్సల్టెన్సీకి వెళ్లాను. మార్చి నుంచి వాళ్ల దగ్గరే పనిచేస్తున్నట్టు ఆఫర్ లెటరూ పేస్లిప్పులూ ఇస్తారట. పీఎఫ్ కూడా కడతారు, డబ్బు మాత్రం మనదే. శాంపిల్ లెటర్‌హెడ్ చేతిలో పెట్టాడు. మాదాపూర్ స్పెల్లింగ్ తప్పుంది. తప్పులు పట్టడమే నా వృత్తి కాబట్టి చూపించాను. అతను నవ్వి, ‘వెరిఫికేషన్ మెయిల్ వచ్చేది మాకే కదా సార్, స్పెల్లింగ్ ఎవడు చూస్తాడు’ అన్నాడు. లేచి వచ్చేశాను. నీతి కొద్దీ వచ్చానని కోతలు కోయను, సగం భయం. ఇలా ఫేక్ పెట్టుకున్నవాడు నిజంగా పనిచేసినవాడి సీటు తన్నుకుపోతాడు. ఒకరి బదులు ఇంకొకరు కూర్చునే ప్రాక్సీ ఇంటర్వ్యూలైతే ఇక చెప్పనే అక్కర్లేదు.

అలాగని నేను మడి కట్టుకుని కూర్చోలేదు. ప్రొఫైల్ మళ్లీ తెరిచి, పాత కంపెనీ పక్కన ‘ఇప్పటివరకు’ అని పెట్టేశాను. మర్నాడే రెండు కాల్స్! ఒకచోట రెండు రౌండ్లు దాటాక రిక్రూటర్, పీఎఫ్ నంబరు కింద ఏ కంపెనీలో ఎప్పటిదాకా ఉన్నామో చూపే యూఏఎన్ సర్వీస్ హిస్టరీ స్క్రీన్‌షాట్ అడిగింది. పంపిన పావుగంటకు ఫోన్ చేసి ‘సార్, ఇందులో మార్చి 28తో ఎగ్జిట్ చూపిస్తోంది కదా’ అంది. ఏదో నసిగాను. అబద్ధం నాదే, దానికి ఎవరినీ అనను.

కానీ నా రిలీవింగ్ లెటర్‌లో ఉన్నది కూడా అబద్ధమే. పెద్ద కంపెనీ ముద్రతో ఉంది కాబట్టి అది ఏ వెరిఫికేషన్‌నైనా దాటేస్తుంది. 2022లో వేరేచోట కూడా పనిచేస్తున్నారని విప్రో 300 మందిని తీసేసినప్పుడు ఇండస్ట్రీ అంతా నిజాయితీ గురించి పాఠాలు చెప్పింది. ఉద్యోగి చేత బలవంతంగా రాజీనామా పంపించడం గురించి ఆ పాఠంలో ఒక్క ముక్క ఉందా? 2025 జూలైలో టీసీఎస్ సుమారు 2 శాతం మందిని తగ్గిస్తానని బహిరంగంగానే చెప్పింది. తీసేస్తున్నామని కంపెనీ లోకానికంతా చెప్పుకోగలిగినప్పుడు, ఆ ముక్క తీసేసినవాడి లెటర్‌లో రాయడానికేం?

కార్మిక శాఖ వాళ్లు ఇది పట్టించుకోవాలి. కంపెనీ తగ్గించుకుంటే ‘సంస్థ అవసరాల మేరకు తొలగించాం’ అని రిలీవింగ్ లెటర్‌లో ఒక్క వాక్యం తప్పనిసరి చేయాలి. బలవంతపు రాజీనామాల మీద పేరు బయటపడకుండా ఫిర్యాదు చేసే వీలుండాలి. ఖాళీగా ఉన్నాడనగానే ప్రొఫైల్ పక్కన పడేసే రిక్రూటర్లకు కూడా ఒక మాట: ఆ ‘ఇప్పటివరకు’ అనే అబద్ధాన్ని మాకు నేర్పుతున్నది మీరే.

పోయిన వారం ఇంటర్వ్యూలో ‘ఎందుకు మానేశారు?’ అని అడిగితే ‘మానలేదండీ, తీసేశారు’ అన్నాను. అవతలాయన కాసేపు రెజ్యూమె చూసుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లాడు. ఫలితం ఇంకా రాలేదు.

ఈ లేఖ వేస్తే నా పేరు మాత్రం వేయకండి. ఇంకా రెండు ఇంటర్వ్యూలున్నాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నిజాంపేట, హైదరాబాద్