బీరా? కాకరా? శనివారం రాత్రిలోగా చెప్పండి

మిద్దె తోట మిత్రులకు నమస్కారమండీ.

ఈ ఆదివారం ఉదయం 7 గంటలకు మేడ మీద విత్తనాలు పంచుతున్నాం. ఇంటికి ఒక రకమే. ఏది తీసుకోవాలో ఇంట్లో ముందే తేల్చుకోండి.

బీర తీగ బరువు. ఆకులు పెద్దవి, నీళ్లు బాగా తాగుతుంది. గట్టి పందిరి, కనీసం 40 లీటర్ల టబ్బు ఉంటేనే పెట్టండి. బాల్కనీ వాళ్లకు కాకరే నయం. సన్న తీగ, గ్రిల్లుకి అల్లుకుపోతుంది, 20 లీటర్ల బకెట్ చాలు. ఎండ మాత్రం రెండింటికీ కావాలి.

అసలు తేడా పువ్వుల్లో ఉంది. కాకర పువ్వు పొద్దున విచ్చుకుంటుంది, బీర పువ్వు సాయంత్రం. తేనెటీగలు రాకపోతే మగపువ్వు కోసి, వెనకాల చిన్న పిందె ఉన్న ఆడపువ్వుకి మనమే అద్దాలి. పొద్దున ఆఫీసుకి పరుగెత్తేవాళ్లు బీర తీసుకోండి! పోయినసారి నేను బీరకి పొద్దున్నే అద్దుతూ కూర్చున్నాను. పిందెలన్నీ పసుపెక్కి రాలిపోయాయి.

పండు ఈగ బెడద రెండింటికీ ఉంది. పిందె పడగానే కాగితం సంచి తొడగండి.

మీరు చేయాల్సినవి:
– శనివారం రాత్రి 9లోగా ఫ్లాట్ నంబరు, 'బీర' లేదా 'కాకర' ఇక్కడ పెట్టండి.
– వచ్చేటప్పుడు చిన్న కవరు తెచ్చుకోండి.
– కాకర గింజ పెంకు గట్టిది, రాత్రంతా నానబెట్టి నాటండి.

మేడ తాళం 8కి వేసేస్తారు, ఆలస్యం చేయకండి.