రోడ్డు భద్రతా కమిటీ వార్షిక నివేదిక 2025: ఈసారి వెనక సీటు మీద

సభ్యులందరికీ నమస్కారం.

పోయినేడాది మన అపార్ట్‌మెంట్ల సంఘం సర్వసభ్య సమావేశంలో నేను ఇలాగే నివేదిక చదువుతుంటే వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచారు. “ఏటా దేశంలో ఇంతమంది పోయారని చదువుతావు, మేం అయ్యో అనుకుంటాం, టీ తాగి ఇంటికి పోతాం. మేం చెయ్యగలిగింది ఒక్కటి చెప్పు బాబూ” అన్నారు. అందరూ నవ్వారు గానీ, ఆ మాట మీద కమిటీలో రెండు మీటింగులు నడిచాయి. అన్నీ నెత్తిన వేసుకోకుండా ఈ ఏడాది ఒకే పని పట్టుకోవాలని తేల్చుకున్నాం. అది బండి మీదైనా, కారులోనైనా వెనక కూర్చునేవాళ్ల సంగతి. అదే ఎందుకో చెప్పాలంటే మళ్లీ కొన్ని లెక్కలు తప్పవు, ఓపిక పట్టండి.

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ పోలీసు కేసుల ఆధారంగా ఏటా లెక్కలు విడుదల చేస్తుంది. వాటి ప్రకారం రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 2021లో 1,53,972 మంది, 2022లో 1,68,491 మంది, 2023లో 1,72,890 మంది. 2024లో ఇది సుమారు 1.77 లక్షలకు చేరిందని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. 2023 లెక్కే తీసుకున్నా రోజుకి 474 మంది, అంటే గంటకు ఇంచుమించు 20 మంది. అంతకుముందు 2020లో సంఖ్య 1,38,383కి దిగింది. అది మనం మారినందుకు కాదు, లాక్‌డౌన్‌లో బళ్లు ఇంటి దగ్గరే ఉన్నందుకు. 2030 నాటికి చావుల్ని సగానికి తగ్గించాలన్నది ప్రపంచ దేశాలన్నీ ఐక్యరాజ్య సమితిలో పెట్టుకున్న లక్ష్యం. మనం దానికి ఎదురు దిశలో వెళ్తున్నాం. అంతర్జాతీయ సమావేశాల్లో ఈ విషయం వస్తే మొహం దాచుకోవాల్సి వస్తోందని రవాణా మంత్రి నితిన్ గడ్కరీ 2024 డిసెంబరులో లోక్‌సభలోనే ఒప్పుకున్నారు.

ఇంకో అంకె నన్ను ఎక్కువ కలవరపెట్టింది. 2023లో ప్రతి వంద ప్రమాదాలకు 36 మంది చనిపోయారు. గుద్దుకోవడాలు ఎన్ని జరిగాయన్నది ఒక ఎత్తు, గుద్దుకున్నాక మనిషి మిగలకపోవడం ఇంకో ఎత్తు. మొదటిదానికి రోడ్డు, వేగం, ఎదుటి డ్రైవరు, ఇలా మన చేతిలో లేనివి చాలా ఉన్నాయి. రెండోదానిలో మాత్రం మన చేతిలో కొంత ఉంది.

వేగం గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. 2022 చావుల్లో 71 శాతం అతివేగం ఖాతాలో రాశారు. వేగం ప్రాణాలు తీస్తుందనడంలో ఎవరికీ అనుమానం లేదు. కాకపోతే ‘అతివేగం, అజాగ్రత్త’ అనేది మన దగ్గర కేసు రాసే పోలీసుల చేతికి అలవాటైపోయిన రాత. మలుపులో చెట్టుకొమ్మ అడ్డొచ్చిందా, డివైడర్ దగ్గర లైటు వెలగట్లేదా అన్నది ఆ గడిలో పట్టదు.

ఇక వెనక సీటు. 2022లో హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029 మంది. ఇందులో బండి నడిపినవారు 35,692 మందైతే, వెనక కూర్చున్నవారు 14,337 మంది. సీటు బెల్టు పెట్టుకోకుండా చనిపోయినవారు 16,715 మంది. ఇందులో డ్రైవర్లు 8,384 మంది, మిగతా 8,331 మంది పక్కనా వెనకా కూర్చున్నవాళ్లు. అంటే స్టీరింగ్ పట్టుకోని వాళ్లే దాదాపు సగం. 2022 సెప్టెంబరులో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ ముంబై వైపు వస్తూ పాల్ఘర్ దగ్గర చనిపోయినప్పుడు ఆయన కూర్చున్నది కారు వెనక సీట్లోనే, బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ఆ వారం అందరం వెనక బెల్టు కోసం సీటు సందుల్లో తడుముకున్నాం. తర్వాత మళ్లీ సీటు కవరు కిందకి తోసేశాం.

ఫిబ్రవరిలో కమిటీ సభ్యులం నలుగురం ఒక సోమవారం పొద్దున స్కూలు టైముకి గేటు దగ్గర కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. బండి నడిపేవాళ్లలో చాలామందికి హెల్మెట్ ఉంది, మెయిన్ రోడ్డు మీద కెమెరా ఉంది కాబట్టి. కొందరికి అది తల మీద కాకుండా మోచేతికి వేలాడుతోంది. తల మీద ఉన్నవాళ్లలోనూ గడ్డం కింద పట్టీ బిగించనివాళ్లు బోలెడు. అలాంటి హెల్మెట్ పడేటప్పుడు మనకంటే ముందే రోడ్డు మీద పడుతుంది. వెనక కూర్చున్న ఆడవాళ్లలో, పిల్లల్లో హెల్మెట్ ఉన్నవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒక తండ్రి బాబుని పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని, తను మాత్రం మంచి హెల్మెట్ పెట్టుకుని వెళ్లాడు. ఆపి అడిగితే, “పక్క సందులోకే కదా అంకుల్” అన్నాడు. నేనేమీ అనలేకపోయాను, నిన్నటిదాకా మా ఇంట్లోనూ అదే సమాధానం.

చట్టం మాత్రం పక్క సందుకి మినహాయింపు ఇవ్వలేదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, ముందున్నా వెనకున్నా, హెల్మెట్ ఉండాల్సిందే. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకి కూడా 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. నడిపేవాళ్లకి కట్టి ఉంచే బెల్టు వెయ్యాలి, హెల్మెట్ పెట్టాలి, బండి 40 కిలోమీటర్ల వేగం దాటకూడదు.

ఆగస్టులో మన సభ్యుల కుటుంబంలోనే ఒకటి జరిగింది. పేరు రాయొద్దన్నారు. భార్యాభర్తలు మార్కెట్ నుంచి వస్తున్నారు, చీకటి పడే వేళ. ఆవిడ ఒక పక్కకి కూర్చుని ఒళ్లో కూరగాయల సంచి పట్టుకున్నారు. రంగు లేని స్పీడ్ బ్రేకర్ ఆయనకి దగ్గరికొచ్చేదాకా కనపడలేదు. బండి ఎగిరింది, ఆవిడ వెనక్కి పడ్డారు. ఆయనకి హెల్మెట్ ఉంది, ఒక్క గీత లేదు. ఆవిడకి తలకి కుట్లు పడ్డాయి, భుజం ఎముక విరిగింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తే కౌంటర్లో ముందు అడ్వాన్స్ కట్టమన్నారు, కట్టారు. నాలుగు నెలలైనా ఆవిడ ఆ చేత్తో జడ వేసుకోలేకపోతున్నారు.

మేం పరామర్శకి వెళ్లినప్పుడు కేసు పెట్టారా అని అడిగాను. “ఎవరి మీద పెడతాం, నా మీదేనా?” అన్నారాయన. అప్పుడు వెలిగింది నాకు. 2023లో గాయపడినవారు 4,62,825 మంది అని ఏటా చదివే ఆ వరస పోలీసు కేసుల నుంచి వచ్చింది. కేసు లేదు కాబట్టి ఇలాంటివాళ్లు ఆ లెక్కలోకి రారు. సొంతంగా జారి పడ్డవాళ్లు, గుద్దినవాడితో రోడ్డు మీదే రాజీ పడ్డవాళ్లు మన సంఘంలోనే ఎంతమంది ఉంటారో మీకే తెలుసు. అంటే గాయాల లెక్క పెద్దదే అయినా నిజం దానికంటే పెద్దది.

కేసు లేకపోవడం వల్ల ఇంకో నష్టం కూడా జరిగింది. కేంద్రం 2025 మే నెలలో నగదు రహిత చికిత్స పథకం తెచ్చింది. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు ఒక్కొక్కరికి లక్షన్నర రూపాయల దాకా చికిత్స పథకంలో చేరిన ఆసుపత్రుల్లో చేయించుకోవచ్చు. పథకంలో లేని ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టేంత వరకే. ఇది ప్రమాదమేనని పోలీసుల నిర్ధారణ ఉండాలి. అప్పటికి ఈ సంగతి ఆ కుటుంబానికి తెలీదు, సిగ్గుపడాల్సిందేమంటే కమిటీకీ తెలీదు. అందుకే సెప్టెంబరు నుంచి 112, 108 నంబర్లతో పాటు ఈ వివరాలు ప్రతి బ్లాకు లిఫ్టు పక్కన అంటించాం.

రోడ్డు మీద పడి ఉన్నవాళ్లని ఆసుపత్రికి తీసుకెళ్తే కోర్టుల చుట్టూ తిప్పుతారన్న భయం ఇంకా పోలేదు. చట్టంలో 134ఎ సెక్షన్ ఇలా సాయం చేసినవారికి రక్షణ ఇస్తోంది, పేరు చెప్పమని బలవంతం చెయ్యకూడదు. తీవ్రంగా గాయపడినవారిని మొదటి గంటలో ఆసుపత్రికి చేర్చినవారికి ‘రాహ్‌వీర్’ పథకం కింద ఇచ్చే బహుమతిని కూడా ఈ ఏడాదే 5 వేల నుంచి 25 వేల రూపాయలకు పెంచారు. డబ్బు కోసం ఎవరూ ఆగరనుకోండి, కనీసం భయం తగ్గుతుంది.

చేసిన పనులు: జనవరి రోడ్డు భద్రతా మాసంలో పిల్లలతో పోస్టర్లు వేయించాం, ఫొటోలు బాగా వచ్చాయి, ఫలితం పెద్దగా లేదు. మార్చిలో ఐఎస్ఐ మార్కు హెల్మెట్లు టోకున తెప్పించి కొన్న ధరకే ఇచ్చాం. షరతు ఒక్కటే, వెనక కూర్చునే మనిషి స్వయంగా వచ్చి తలకి సరిపోతుందో లేదో చూసుకోవాలి. ఇది పని చేసింది. మగవాళ్లు కొనిచ్చిన హెల్మెట్ అటక ఎక్కుతుంది, ఆవిడ ఎంచుకున్న రంగుది తల ఎక్కుతుంది. జడ ముడికి అడ్డం వస్తోందని కొందరు అన్నది నిజమే, దానికి మా దగ్గర జవాబు లేదు.

కార్ల విషయంలో ఓడిపోయాం. బెల్టు పెట్టుకోకపోతే వచ్చే బీప్ శబ్దం ఆపడానికి బకిల్‌లో గుచ్చే క్లిప్పులు పార్కింగ్‌లోని కార్లలో ఇంకా కనిపిస్తున్నాయి. ఆన్‌లైన్‌లో అవి అమ్మకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023లోనే ఆదేశించింది. ఎవరినీ వేలెత్తి చూపట్లేదు, కానీ వాటిలో ఒకటి కమిటీ సభ్యుడి కారే.

ఆవిడ పడిన ఆ స్పీడ్ బ్రేకర్‌కి తెల్ల రంగు, ముందు బోర్డు కోసం మూడు అర్జీలు ఇచ్చాం, జవాబు రాలేదు. బ్లాక్ స్పాట్ (పదేపదే ప్రమాదాలు జరిగే చోటు) కింద గుర్తించమని అడగబోతే ఆ లెక్క వేరని తెలిసింది. జాతీయ రహదారి మీద 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో అయిదు తీవ్ర ప్రమాదాలో, పది చావులో ఉండాలట. మనది జాతీయ రహదారే కాదు, అన్నేసి చావులు మనకి అక్కర్లేదు కూడా. దీపావళి సెలవుల్లో కుర్రాళ్లే బ్రష్షులు పట్టి రంగు వేశారు. వానకి సగం పోయింది, సంక్రాంతికి మళ్లీ వేస్తారు.

జమాఖర్చుల పట్టిక విడిగా జత చేశాం. తెప్పించిన వాటిలో చిన్నపిల్లల సైజు హెల్మెట్లు కొన్ని మిగిలి ఆఫీసు బీరువాలో ఉన్నాయి. పిల్లల్ని తీసుకుని వచ్చి చూసుకోండి, తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది.

ఇట్లు,
కార్యదర్శి