ఎవరు ముందు కొట్టారని అడగడం మానేద్దాం

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ జిల్లా పేజీలో అప్పుడప్పుడు ‘విద్యార్థుల మధ్య ఘర్షణ’ అని ఓ చిన్న వార్త కనిపిస్తుంది. నాలుగు లైన్లే. ఎవరికి దెబ్బలు తగిలాయి, ఏ స్టేషన్లో కేసు పెట్టారు, అంతటితో సరి. నేను దేవరకొండ వైపు సర్కారు బడుల్లో ముప్పై ఏళ్ళు పీఈటీగా (ఆటల సారుగా) చేసి రిటైరైన మనిషిని, ఆ నాలుగు లైన్ల వెనక ఏముంటుందో నాకు కొంచెం తెలుసు, అందులో నా తప్పు కూడా ఒకటుంది, అది రాద్దామనే కూర్చున్నా.

పిల్లలు కొట్టుకుంటే బడిలో అందరూ పిలిచేది పీఈటీని. విజిల్ ఉంటుంది, గొంతు ఉంటుంది, ఒకప్పుడైతే చేతిలో బెత్తం కూడా ఉండేది. 2009 విద్యాహక్కు చట్టం వచ్చాక 17వ సెక్షన్ కింద పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం నిషేధం. మంచి పనే, కానీ బెత్తం పట్టుకుపోయినవాళ్ళు దాని బదులు ఏం చేయాలో మాకు నేర్పి పోలేదు. ఇక మాకు మిగిలింది ‘సారీ’. ఇద్దర్నీ నిలబెట్టు, ఎవరు ముందు కొట్టారో తేల్చు, సారీ చెప్పించు, షేక్ హ్యాండ్ ఇప్పించు, క్లాసుకు పంపు. ఐదు నిమిషాల పని.

ఒక ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలిద్దరు బస్సులో సీటు దగ్గర కొట్లాడుకున్నారు. మా వైపు బస్సుల సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, బడి వదిలే టైముకు వచ్చేది ఒక్కటే, కిటికీలోంచి కర్చీఫ్ వేస్తే ఆ సీటు మనదే. ఒకడు వేసిన కర్చీఫ్ తీసి పక్కన పడేసి ఇంకొకడు కూర్చున్నాడు. మర్నాడు ప్రార్థన అయ్యాక ఇద్దర్నీ పిలిచి నా పద్ధతిలో కానిచ్చేశా. షేక్ హ్యాండ్ ఇచ్చుకుంటుంటే ఫోటో కూడా తీశా, అది నా ఫోన్లో ఇంకా ఉంది. ఆ సాయంత్రమే బస్టాండు దగ్గర మళ్ళీ కొట్టుకున్నారు, సీటులో కూర్చున్నవాడి తలకు ఆరు కుట్లు పడ్డాయి. ఆ తర్వాత గొడవ పిల్లల చేతిలో లేదు. రెండు ఊళ్ళ పెద్దమనుషులు కూర్చున్నారు, పంచాయితీ రెండు రోజులు నడిచింది, ఇరవై వేలు దండుగ వేశారు. అది కట్టిన తండ్రి కొడుకును బడి మాన్పించి తనతో పాటు హైదరాబాద్‌కు సెంట్రింగ్ పనికి తీసుకెళ్ళాడు.

కొన్నాళ్ళకు వాళ్ళ నాయనమ్మ టీసీ కోసం వచ్చింది. ‘సీటు వానికి గాదు సారూ, చెల్లెకు’ అంది. ఆరో తరగతి చదివే ఆ పిల్లకు కాలు సరిగ్గా లేదు, బస్సులో అంతసేపు నిలబడలేదు. ఈ మాట వాడు నాకెందుకు చెప్పలేదా అని చాలా రోజులు అనుకున్నా. నేను అడిగితే కదా చెప్పడానికి. ‘ఎవర్రా ముందు కొట్టింది’ అనడిగా, వాడు ‘నేనే సార్’ అన్నాడు, అది నిజమే.

ఎవరు ముందు కొట్టారన్నది పోలీసు స్టేషన్లో అడిగే ప్రశ్న. బడిలో ముందు అడగాల్సింది ఏం జరిగింది, నీకేం కావాలి అని. చిన్న తరగతుల పిల్లలకు వాళ్ళ పద్ధతి వాళ్ళకుంటుంది, పొద్దున కటీఫ్ అంటారు, మధ్యాహ్నం అన్నం ప్లేట్ల దగ్గర దోస్తీ అయిపోతుంది, మనం మధ్యలో వెళ్ళకపోతేనే నయం. ఆరు, ఏడు తరగతులకు వచ్చేసరికి కటీఫ్ చెప్పడం నామోషీ. అక్కడి నుంచి గొడవలోకి వాట్సాప్ స్టేటస్ వస్తుంది, నాన్న పేరు పెట్టి ఎక్కిరించడం వస్తుంది, ఏ ఊరు, ఏ తండా, ఏ కులం అన్నీ వస్తాయి. అమ్మానాన్నలు పనికి వలసపోయి ముసలివాళ్ళ దగ్గరుండే పిల్లలు మా దగ్గరా పాలమూరు వైపూ ఎందరో ఉన్నారు, వాళ్ళకు ఇంటికి పోయి చెప్పుకుందామన్నా వినేవాళ్ళు ఉండరు.

‘నీకేం కావాలి’ అన్న ప్రశ్న మన జిల్లాకు కొత్త కూడా కాదు. 1951 ఏప్రిల్ 18న భూదానోద్యమం నడిపిన వినోబా భావే పోచంపల్లికి వచ్చినప్పుడు (అప్పుడది నల్గొండ జిల్లానే) దళితవాడకు పోయి మీకేం కావాలని అడిగితే 80 ఎకరాలు కావాలన్నారు, ఊళ్ళో ఎవరైనా ఇస్తారా అని అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. సాయుధ పోరాటం ఇంకా పూర్తిగా చల్లారని రోజులవి. భూదాన భూముల మీద తర్వాత ఎన్ని వివాదాలు నడిచాయో నాకూ తెలుసు, దాంతో అంతా సర్దుకుందని అనను. నేను చెప్పేది ఆ అడిగిన తీరు గురించి.

చివరి నాలుగేళ్ళు నేను వేరే రకంగా చేసి చూశా. గొడవపడ్డ ఇద్దర్నీ కోపం చల్లారాక, గేమ్స్ పీరియడ్‌లో వేపచెట్టు కింద కూర్చోబెట్టేవాణ్ణి. ఒకడు చెప్పాలి, రెండోవాడు మధ్యలో నోరెత్తకూడదు, అయ్యాక తన జవాబు చెప్పేముందు ‘నువ్వన్నది ఇదీ’ అని తిరిగి అప్పజెప్పాలి. వీడు ‘అవును, అదే’ అంటేనే వాడి వంతు. ఇద్దరితోనూ దోస్తీ లేని మూడో పిల్లో పిల్లాడో చూస్తుండాలి, అమెరికా బడుల్లో 1980ల నుంచే ఇలా తోటి పిల్లలకు శిక్షణ ఇచ్చి మధ్యవర్తులుగా పెడుతున్నారు. మొదట్లో నవ్వేవాళ్ళు. అప్పజెప్పేటప్పుడు కావాలనే తప్పు చెప్పేవాళ్ళు, దాని మీద ఇంకో గొడవ. అన్నీ తెగాయనీ చెప్పను, ఒకసారైతే మధ్యవర్తిగా పెట్టిన పిల్లాడే తన్నులు తిన్నాడు. అయినా బస్టాండు దాకా పోయినవి బాగా తగ్గాయి.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. అన్నిటికీ రాజీ కాదు. పదో తరగతివాడు ఆరో తరగతి పిల్లాడి దగ్గర రోజూ డబ్బులు గుంజుకుంటుంటే అది ఇద్దరి మధ్య గొడవ కాదు, వేధింపు, వాళ్ళిద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెడితే చిన్నవాడు ఇంకా బెదిరిపోతాడు. కులం పేరుతో తిట్టినా అంతే. ఆడపిల్లల మీద చెయ్యి వేసిన సంగతి బయటపడితే ‘బడి పరువు’ అని నొక్కేయడం చట్టం ఒప్పుకోదు, పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన 2012 పోక్సో చట్టం కింద తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లలకు చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు గోడ మీద రాసి ఉంచితే చాలదు, ఎప్పుడు చేయాలో కూడా చెప్పాలి.

నల్గొండలో లోక్ అదాలత్ జరిగినప్పుడల్లా ‘రాజీ మార్గమే రాజమార్గం’ అని మీరే హెడ్డింగ్ పెడతారు. అక్కడ కుదిరిన దానిమీద అప్పీలు ఉండదు, కోర్టు ఫీజు వాపసొస్తుంది. 2023లో మధ్యవర్తిత్వ చట్టం కూడా వచ్చింది, ఊళ్ళో వాడకట్టులో తగాదాలకు ఇరుపక్షాలు ఒప్పుకుంటే ముగ్గురు మధ్యవర్తులతో తేల్చుకునే ఏర్పాటు అందులో ఉంది. పొలం గట్టు కోసం పదిహేనేళ్ళు కోర్టు చుట్టూ తిరిగి అలసిపోయినవాడికి చెప్తున్న ఈ మాట, పదమూడేళ్ళ పిల్లాడికి చెప్పడానికి మాత్రం టైంటేబుల్లో పీరియడ్ లేదట. ఉన్న ఒక్క గేమ్స్ పీరియడ్‌నూ పదో తరగతికి లెక్కల సారు లాగేసుకుంటాడు (లెక్కల సార్లు కోప్పడొద్దు, నిజం మీకూ తెలుసు). కబడ్డీలో ఔటైనవాడు కోర్టు బయట కూర్చుంటాడు, తన జట్టు అవతలివాణ్ణి ఔట్ చేస్తే మళ్ళీ లోపలికొస్తాడు. ఆ పిల్లాణ్ణి మాత్రం మేమెవరమూ మళ్ళీ లోపలికి తెచ్చుకోలేకపోయాం.

అధికారులకు నేనడిగేది పెద్దది కాదు, గేమ్స్ పీరియడ్ పోకుండా చూడండి, టీచర్లకు పెట్టే ట్రైనింగుల్లో ఒక పూట దీనికివ్వండి, ఉపన్యాసం కాకుండా చేయించి చూపించండి. ఇప్పటికే ఇలా చేస్తున్న సార్లు, మేడమ్‌లు ఉంటే మీ పేపరుకు రాయాలని కోరుతున్నా, వాళ్ళు ఎక్కడ దెబ్బతిన్నారో అది కూడా రాయాలి.

మొన్న ఆదివారం మా ఇంట్లో మనవళ్ళిద్దరు ఫోన్ కోసం కొట్టుకున్నారు. పరిగెత్తుకుంటూ పోయి నేనన్న మొదటి మాట, ‘ఎవర్రా ముందు కొట్టింది?’

ఇట్లు,
ఒక రిటైర్డ్ పీఈటీ,
దేవరకొండ, నల్గొండ జిల్లా