తాడిపత్రి అరటి ఎగుమతిపై అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై జవహర్‌లాల్ నెహ్రూ పోర్టుకు అరటి కంటైనర్ల రైలు వెళ్లింది. మంచిదే. కానీ గెల కోసి లారీకెత్తేస్తే జిల్లాకు దక్కేది కాయ ధర ఒక్కటే. ఈక్వెడార్ చిన్న దేశం, అరటి ఎగుమతిలో మాత్రం ప్రపంచంలోనే మొదటిది. అక్కడ తోట దగ్గరే గెల నుంచి అత్తాలు (కాయల గుత్తులు) విడదీసి, కడిగి, పెట్టెల్లో సర్దుతారు. ఆ కూలి డబ్బులు ఊళ్లోనే తిరుగుతాయి.

అసలు చిక్కు చల్లదనంతోనే. కోసిన కాయను వీలైనంత త్వరగా 13–14 డిగ్రీలకు దించాలి. ఆలస్యమైతే ఓడలోనే మాగిపోతుంది. 13 కన్నా దిగితే తొక్క నల్లబడుతుంది, పండు సరిగా మాగదు. కోతలో కారే జిగురు కడగకపోతే మచ్చలు పడి ధర తగ్గుతుంది.

కాబట్టి కాయ కడిగి పెట్టెల్లో సర్దే ప్యాక్‌హౌస్‌లకు కోతల కాలంలో కోత లేని కరెంటు, శుభ్రమైన నీళ్లు ఇప్పించండి. కూలింగ్ గదులు కట్టుకునే రైతు సంఘాలకు రుణం తొందరగా అందేలా బ్యాంకర్లతో మాట్లాడండి.

తాడిపత్రి ప్రాంత అరటి రైతులు