గోధుమ చేల బొమ్మను అంచులు కోయకుండా మళ్లీ వేయండి

సంపాదకుల వారికి,

ఫ్రెంచి పల్లెల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. బాగా రాశారు. నా బాధంతా దాని పక్కన వేసిన రంగుల బొమ్మ గురించే. కింద ‘పల్లెలో పెళ్లి ఊరేగింపు’ అని ఉంది. తెల్లబట్టలు కట్టుకుని నడిచే ఆడపిల్లలను చూసి అలా అనుకుని ఉంటారు. ఆ బొమ్మ పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుడు జూల్ బ్రెటన్ వేసిన ‘ఆర్త్వాలో గోధుమ చేలకు ఆశీర్వాదం’. ఆర్త్వా ఉత్తర ఫ్రాన్స్‌లోని ఒక ప్రాంతం. నాలుగు కర్రల మీద ఎత్తి పట్టిన పందిరి కింద దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా మేము కొలిచే అప్పం) పట్టుకుని చర్చి గురువుగారు నడుస్తుంటారు. వెనక టోపీలు తీసి ఊరి పెద్దలు వస్తుంటారు. పంట చల్లగా ఉండాలని చేల మధ్య నుంచి చేసే ప్రదక్షిణ అది. వడగళ్లు, కరువు రాకుండా కాపాడమని ఏసు ప్రభువు పరలోకానికి వెళ్లిన ఆరోహణ పండుగకు ముందు మూడు రోజులు పొలాల వెంట ప్రార్థిస్తూ తిరగడం ఫ్రాన్స్‌లో అయిదో శతాబ్దం నుంచీ ఉన్న ఆచారం.

పేరు తప్పును ఒక సవరణతో దిద్దుకోవచ్చు. బొమ్మను కోసిన తీరు మాత్రం అంత తేలిగ్గా తీసుకోలేకపోయాను. అసలు చిత్రం మూడు మీటర్లకు పైగా వెడల్పు, ఎత్తు అందులో సగం కూడా ఉండదు. మీవాళ్లు దాన్ని పేజీలో మూడు కాలమ్‌ల వెడల్పులో ఇరికించడానికి రెండు పక్కలా కోసి, నడిమి పందిరి, చుట్టూ నలుగురు మనుషులు మాత్రం ఉంచారు. బాట పక్కన చేల అంచున మోకరించిన జనం పోయారు. నా దృష్టిలో చిత్రానికి ప్రాణం వాళ్లే.

నేను గుంటూరు జిల్లాలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. మాది ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) కుటుంబం. దివ్యసత్ప్రసాదాన్ని ఊరేగించే సత్ప్రసాద పండుగ మాకు చాలా ఏళ్లు జూన్‌లోనే వస్తుంది, దుక్కులు దున్నుకుని వాన కోసం ఆకాశం వంక చూసే రోజుల్లో. మా విచారణలోనూ (మా చర్చి పరిధిలోనూ) ఆ ప్రదక్షిణలో ముందు తెల్లగౌన్ల పిల్లలే నడుస్తారు. ముసుగు జారకుండా తల్లులు పిన్నులు గుచ్చుతారు, పైన కనకాంబరాలు పెడతారు. దారి పొడవునా పూలు చల్లుతూ పోతారు. విత్తనాల పని నుంచి తిరిగొచ్చే ఆడవాళ్లు గంట వినబడగానే క్యారియర్ పక్కన పెట్టి, మట్టికాళ్లతోనే రోడ్డు మార్జిన్‌లో మోకరిస్తారు, కొంగు తల మీదికి లాక్కుని. మా మతం కానివాళ్లు కూడా ఆగి దండం పెడతారు. పందిరి పట్టేది, వరసలో నడిచేది కొద్దిమందే. పండుగను పండుగ చేసేది ఈ పక్కన మోకరించినవాళ్లు. బ్రెటన్ సొంత ఊరు కురియేర్. అక్కడి జనాన్ని చిన్నప్పటి నుంచీ చూసినవాడు కాబట్టి ఈ సంగతి ఆయనకు తెలుసు. అందుకే బొమ్మను అంత అడ్డంగా సాగదీశాడని నా నమ్మకం.

1857 పారిస్ సాలోన్‌లో, అంటే అక్కడి అధికారిక చిత్రప్రదర్శనలో, ఈ చిత్రానికి రెండో తరగతి పతకం వచ్చింది, ప్రభుత్వం కొనుక్కుంది కూడా. అదే ప్రదర్శనలో మరో ఫ్రెంచి చిత్రకారుడు మిల్లే వేసిన ‘పరిగె ఏరుకునే స్త్రీలు’ ఉంది. నడుములు వంచిన ఆ ముగ్గురు పేదవాళ్లను చూసి కొందరు విమర్శకులు మండిపడ్డారు. చక్రవర్తి మూడో నెపోలియన్ పాలనలో దేవుడి ముందు మోకరించే పల్లెను మెచ్చుకోవడం సులువు. కోసిన చేలో రాలిన కంకులు ఏరుకునే పేదరికాన్ని చూడటం కష్టం. అది నేను కాదనను. మిల్లే ముందు బ్రెటన్ మెత్తన అనేవాళ్లతో సగం ఒప్పుకుంటాను కూడా. కానీ బ్రెటన్ ఈ దారికి వచ్చింది 1848 విప్లవం చూశాక, ఆకలి మీద, పేదరికం మీద బొమ్మలు వేశాక. ఆయన పల్లె మనుషులు అందంగా ఉంటారు, నిజమే. అయితే వాళ్లను ఖాళీ నింపడానికి వేసిన గుంపుగా వేయలేదు. దేనికి మోకరించారో తెలిసిన మనుషులుగా వేశాడు.

తర్వాత ప్రపంచ ప్రసిద్ధుడైన డచ్చి చిత్రకారుడు వాన్ గో 1880లో చేతిలో డబ్బుల్లేక ఎక్కువ దూరం నడిచే కురియేర్ వెళ్లాడు, బ్రెటన్ స్టూడియో చూడాలని. తీరా వెళ్లాక ఆ కొత్త ఇటుక కట్టడం బయటి నుంచి చూసి, లోపలికి పోవడానికి మనసొప్పక వెనుదిరిగాడు. అంతటివాణ్ని అంత దూరం నడిపించిన చిత్రకారుడి పేరు కూడా మీ బొమ్మ కింద లేదు.

పత్రికలో స్థలం ఎంత విలువైందో నాకు తెలుసు. కానీ మా ఊళ్లలో పిల్లలు మ్యూజియం చూడరు, ఇలాంటి బొమ్మలు వాళ్లకు చేరేది పేపర్లోనే. కత్తిరించి గోడకు అంటించుకునే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. కాబట్టి ఆ చిత్రాన్ని మళ్లీ వేయమని కోరుతున్నాను. జూల్ బ్రెటన్, 1857, ఫ్రాన్స్‌లోని అరాస్ మ్యూజియం అని కింద రాయండి. ఎదురెదురు పేజీల్లో పరిస్తే సంతోషం. అది కుదరకపోతే పేజీ అడుగున సన్నగా, అడ్డంగా వేసినా సరే, మోకరించినవాళ్లందరూ ఉండేలా వేయండి.

— ఒక విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు, గుంటూరు జిల్లా